అత్తగారి క్యారియర్లకు స్టిక్కర్లు ఊడదీసిన ఆదివారం

మొన్నామధ్య పంజగుట్టలో స్టీలు సామాన్ల దుకాణంలో పోపుల డబ్బా ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి చూసుకుంటే మూత నడిమధ్యన అరచేయంత స్టిక్కరు. తయారుచేసినవారికి తమ పేరంటే ఎంత ముచ్చటో గాని, గోటితో గీకితే పైకాగితం చిరిగి తెల్లటి పొర మిగిలింది, ఆ పొరను గీకితే గోరు నొప్పి మిగిలింది. పక్క ఫ్లాటులో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి చూసి, దీనికొక స్ప్రే దొరుకుతుంది ఆంటీ, ఫోనులో ఆర్డరు పెట్టమంటారా అంది. వద్దులేమ్మా అని, పొయ్యి సన్నగా వెలిగించి, స్టిక్కరు పైవైపు ఉండేలా మూతను పట్టకారుతో సెగకు ఎడంగా పట్టుకుని, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడెక్కగానే దించి, మిగిలిన పొర అంచును ఎత్తి మెల్లగా వెనక్కి మడుస్తూ లాగాను. ఒక్క ముక్కగా వచ్చేసింది. అక్కడక్కడ మిగిలిన జిగురుకు ఒక చుక్క కొబ్బరినూనె రాసి కాసేపాగి తుడిస్తే మూతలో నా ముఖం కనబడింది. ఆ అమ్మాయి గారడీ చూసినట్టు చూసింది. మన తరం వాళ్ళకు ఇందులో గారడీ ఏముంది? నేనైతే ఈ విద్యలో ఒక ఆదివారమంతా తర్ఫీదు పొందినదాన్ని. ఆ ఆదివారం సంగతి చెప్పాలంటే మా అత్తగారి క్యారియర్ల సంగతి చెప్పాలి.

ఊళ్ళోకి సాఫ్టువేరు గాలి వీయడం మొదలైన రోజులవి. అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక పాత ఇంటి మేడ మీది వాటాలో మేము అద్దెకుండేవాళ్ళం. మా ఆయన బేగంపేటలో ఒక ప్రైవేటు ఆఫీసులో, నేను ఒక దినపత్రికలో ఇంటి విషయాల పేజీ చూసే డెస్కులో. పాఠకురాళ్ళు కార్డుల మీద రాసి పంపే చిట్కాలను చదివి, ఏరి, దిద్ది అచ్చుకివ్వడం నా పని. ఏ చిట్కానైనా ఇంట్లో చేసి చూడకుండా వేయకూడదని మా పేజీ పెద్దాయన కట్టడి చేశారు. గాజుసీసా మీద స్టిక్కరును సబ్బునీళ్ళతో తడిపి బ్లేడుతో తీయవచ్చునని ఒకావిడ రాస్తే నిజమేనని వేసుకున్నాం. గోళ్ళరంగు తుడిచే మందుతో ప్లాస్టిక్ డబ్బా మీద మరక పోతుందని ఇంకొకావిడ రాస్తే, నేను చేసి చూశాక మరకతోపాటు డబ్బా నునుపు కూడా పోయి తెల్లగా మసకబారింది గనుక ఆ కార్డు పక్కన పెట్టేశాం. అలా మా ఇంట్లో సగం సామాను పత్రిక సేవలో అరిగిపోయింది.

మామగారు పోయాక అత్తగారు తణుకు దగ్గరి ఊరినుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఊరికే కూర్చోలేని మనిషి. డాబా మీది గదిలో కంప్యూటరు కోర్సులు నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు కొందరుండేవారు. ఒకరోజు మా పప్పుచారు వాసనకు వాళ్ళలో ఒకడు గిన్నె పట్టుకుని మొహమాటంగా దిగివచ్చాడు. ఆ గిన్నె రెండై, ఆ గదికి తెలిసింది పక్క గదికి తెలిసి, ఏడాది తిరిగేసరికి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గదులదాకా మా ఇంటినుంచి మధ్యాహ్నం క్యారియర్లు వెళ్ళసాగాయి. తీసుకెళ్ళేది సందు చివర ఆటో నడిపే అన్న. ఆయనకు మేమంతా ఆటో అన్న అనే పేరు ఖాయం చేశాం. బంధువులు మాత్రం పెద్దావిడకు మంచి కాలక్షేపం దొరికిందని నవ్వేవాళ్ళు. ఆ మాట వింటే అత్తగారి ముఖం ముడుచుకునేది. తెల్లవారుజామున లేచి, అంతమంది కడుపులకు బాధ్యత పడి చేసే పనిని కాలక్షేపం అంటే ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆ క్యారియర్లన్నీ అత్తగారు ఒకే దుకాణంలో ఒకేసారి కొన్నారు. మూడు గిన్నెలవి, ఒకే సైజు, ఒకే బిగింపు. మనవాళ్ళకు స్టీలు గిన్నె కొంటే పేరు చెక్కించనిదే తోచదు కదా. చెంచా కూడా వదలం. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఇచ్చిన గిన్నె తిరిగి మనింటికే రావాలన్న జాగ్రత్త అది. అలవాటు కొద్దీ అత్తగారు అన్ని క్యారియర్ల మీదా మామగారి పేరే చెక్కించారు. ఎవరి క్యారియరు ఏదో తెలియడానికి పేరన్నది ఉంటే, అన్నిటికీ ఒకే పేరుంటే ఏం లాభమన్న ఆలోచన ఆవిడకు గాని, పక్కనే నిలబడ్డ నాకు గాని తట్టలేదు. ఇల్లు ఒకటే కదా, పేరూ ఒకటే ఉండాలి, అంతే.

ఆ లోటును కుర్రాళ్ళు తీర్చారు. అమీర్‌పేటలో అప్పుడు ఎక్కడ చూసినా కోచింగు సెంటర్ల స్టిక్కర్లే. మొదటిరోజు పాఠం వినడానికి వెళితే చేతిలో కరపత్రం, దానితోపాటు స్టిక్కరు. ప్రతివాడూ తన సెంటరు స్టిక్కరు తన క్యారియరుకు అంటించుకున్నాడు. అత్తగారికి ఇంగ్లీషు రాదు గనుక బొమ్మలతో గుర్తుపెట్టుకున్నారు. పసుపు భూగోళం బొమ్మవాడు యూసుఫ్‌గూడలో ఉండే అమలాపురం కుర్రాడు. కడుపులో పుండు పడి ఆసుపత్రిలో ఉండి వచ్చాడు, వాడికి కారం, పులుపు, గుడ్డు పనికిరావు. నవ్వే కంప్యూటరు బొమ్మ మా డాబా మీదివాడు. వాడు గుడ్డు తినడు. ఎర్రబాణం వాడికి అన్నం ఎక్కువ కావాలి. ఎవరి అసలు పేరూ ఆవిడకు నోరు తిరిగేది కాదు, ఎవరి కడుపు సంగతీ మరిచేవారు కాదు. కోర్సు మారినప్పుడల్లా కుర్రాళ్ళు పాతదాని మీదే కొత్త స్టిక్కరు వేసేవాళ్ళు. జావా మీద ఇంకేదో, దాని మీద మరేదో. అంచులు లేచి, వాటి కింద పసుపు, నూనె, ఆటో దుమ్ము చేరి నల్లగా గట్టిపడ్డాయి. రోజూ కడుగుతూ ఉండేవాళ్ళం గనుక మా కళ్ళకు అది ఆనలేదు.

అది ఆనింది వేరే ఒకాయన కళ్ళకు. మా దగ్గర తిన్న కుర్రాడొకడికి పంజగుట్టలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ మధ్యాహ్న భోజనాలకు ఇబ్బందిగా ఉందని వాడు అత్తగారి పేరు చెప్పాడట. ఆఫీసు వ్యవహారాలు చూసే మేనేజరు గారు ఒక శనివారం మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, అరటికాయ వేపుడుతో కడుపునిండా తిన్నారు. చేయి కడుక్కుని, గోడవారగా పెట్టిన క్యారియర్లలో ఒకటి ఎత్తి చూశారు. వేళ్ళు అంటుకున్నాయి. విడదీసుకుంటే చిన్న చప్పుడైంది.

"వంటకు వంక పెట్టలేనండి. కానీ ఈ డబ్బా టేబులు మీద పెడితే మా వాళ్ళు మూత కూడా తియ్యరమ్మా," అన్నారాయన, మర్యాదగానే.

సోమవారం మధ్యాహ్నానికి ఐదు క్యారియర్లు మచ్చుకు పంపండి, శుభ్రమైనవి, అని చెప్పి వెళ్ళారు. శుభ్రమన్న మాట దగ్గర అత్తగారు తల వంచుకున్నారు. బియ్యం ముమ్మారు కడిగితే గాని ఎసట్లో వేయని మనిషి. ఆ రాత్రి పడుకోబోయే ముందు, రేపు ఆదివారం, డబ్బాలన్నీ ఇంట్లోనే ఉంటాయి, ఒక్క స్టిక్కరు మిగలడానికి వీల్లేదు అన్నారు. ఆ ఆఫీసు పని వస్తే ఆవిడది కాలక్షేపమని ఇంకెవరూ అనలేరన్నది మా ఇద్దరికీ తెలుసు, పైకి అనుకోలేదంతే.

ఆదివారం పొద్దున్నే పని త్వరగా తేలిపోవాలని మా ఆయన కిరసనాయిలు గుడ్డతో ఒక క్యారియరు మొత్తం రుద్దేశారు. స్టిక్కరైతే కరిగినట్టు జారిపోయింది. వాసన మాత్రం చింతపండు పెట్టి తోమినా, వేడినీళ్ళు పోసినా, ఎండలో పెట్టినా, బిగింపు మడతల్లోంచి వస్తూనే ఉంది.

"ఒరేయ్, రేపు పప్పులో కిరసనాయిలు వాసనొస్తే, ఆ డబ్బా మీదున్న మీ నాన్న పేరే కదరా జనం చదువుకునేది!"

"కడిగితే పోతుందిలేమ్మా."

"పోయింది నీ ముక్కు, వాసన కాదు. అవతల పొయ్యి వెలుగుతోంటే ఆ గుడ్డ చేత్తో పట్టుకుని తిరుగుతావేంటి? ముందు బయట పారేసి రా."

ఆ క్యారియరు ఆనాటినుంచి మేకులూ సుత్తీ పెట్టుకునే డబ్బా అయింది. గొడవ విని, మేమంతా ఆపా అని, అంటే అక్కా అని, పిలిచే కింద వాటా ఆవిడ పైకి వచ్చింది. వాళ్ళన్నగారికి పాతబస్తీలో అత్తరు దుకాణం. పాత సీసాలకు కాగితాలు ఊడదీసి కడిగి ఎండబెట్టడం వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళందరికీ చిన్నప్పటినుంచీ అలవాటైన పని. అత్తరు సీసాకు వేరే వాసన తగిలితే సరుకే పాడు గనుక వాసన విషయంలో వాళ్ళూ అత్తగారంత పట్టుదల మనుషులే.

"అరే అమ్మా, ఫికర్ జేయకున్రి. కాగితంవి గోరువెచ్చని సబ్బునీళ్ళల్ల నానవెట్టున్రి, అవే ఊడుతయ్. ప్లాస్టిక్‌వి నీళ్ళకు రావు, జర వేడి తగలాలె," అని కొంగు దోపి కూర్చుంది.

ఇక మా పని సాగిన తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. కింద పెరటి అరుగు మీద పెద్ద బేసిన్లలో నానబెట్టేది ఆపా, అక్కడికే దించుకున్న పొయ్యి దగ్గర అత్తగారు, వాళ్ళిద్దరి మధ్య జిగురుతో నేను. ఖాళీ గిన్నెను సెగకు ఎక్కువసేపు వదిలితే స్టీలు నీలంగా రంగు తిరుగుతుంది గనుక అత్తగారు క్షణానికోసారి వేలితో తాకి చూస్తూ వెచ్చబడగానే నాకు అందించేవారు. ఒకదాని మీద ఒకటి ఉన్న స్టిక్కర్లను కలిపి లాగితే చిరుగుతాయి, పైదాన్ని ముందు, కిందిదాన్ని మళ్ళీ వెచ్చచేశాక తీయాలి. కత్తితో గాని ఇనుప పీచుతో గాని గీకితే గీతలు పడి, రేపు ఆ గీతల్లోనే మళ్ళీ మురికి చేరుతుందని ఆపా వాటిని దగ్గరికి రానివ్వలేదు. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె పట్టించి, మెత్తబడ్డాక వంటసోడా చల్లి మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దాం. నూనె జిడ్డు పోవడానికి శనగపిండి. బిగింపు సందుల్లోకి గుడ్డ పోకపోతే అగ్గిపుల్లకు దూది చుట్టి తిప్పాం. మా పత్రికలో పేజీలు అంటించే విభాగంవారి ఉపాయం ఒకటి నేనూ చూపించాను. కాగితం మీద మిగిలిన జిగురును వాళ్ళు నీళ్ళతో ముట్టుకునేవారు కాదు, ఎండిన జిగురును ఉండగా చుట్టి దానితోనే అద్ది లాగేవారు. అలాగే క్యారియరు నుంచి వేలితో రుద్దితే వచ్చిన జిగురును ఉండచేసి మిగతా చోట్ల అద్దుతుంటే అదీ ఇదీ కలిసి ఉండ పెరిగి, కింద స్టీలు తేటగా బయటపడేది. ఆ విభాగంలో అప్పటికే కంప్యూటర్లు వచ్చి అంటించే పని సగానికి సగం తగ్గిపోయింది. వాళ్ళ విద్య మా పెరట్లో అలా పనికొచ్చింది.

పొద్దు వాలేసరికి క్యారియర్లన్నీ అరుగు మీద వరుసగా మెరిసిపోతున్నాయి. మామగారి పేరు చాలాకాలానికి అన్నిటి మీదా పూర్తిగా కనబడింది. అత్తగారు వాటిని చూస్తూ నిలబడి, మీ మామగారు ఇంతమందిని ఒక్కసారి ఎప్పుడూ పిలవలేదే అని నవ్వారు.

సోమవారం పత్రికకు సెలవు పెట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. వంట మొదలయ్యాక గాని మాకు విషయం తలకెక్కలేదు. ఆఫీసుకు గుత్తివంకాయ, గుడ్డు పులుసు. గదులకు రోజువారీ వంట. అమలాపురం కుర్రాడికి విడిగా చప్పటి పెసరపప్పు, మజ్జిగ. గరిటె చేత్తో పట్టుకుని క్యారియర్ల ముందుకొచ్చిన అత్తగారు అక్కడే ఆగిపోయారు. భూగోళం లేదు, బాణం లేదు, నవ్వే కంప్యూటరూ లేదు. ఊళ్ళో అందరి చిరునామాలూ మేమే శుభ్రంగా కడిగేసుకున్నాం. కొత్తగా ఏదన్నా అంటిద్దామంటే నిన్నటి కష్టమంతా దండగ. సరే, ఎడమవైపువి ఆఫీసువి, కుడివైపువి గదులవి, కిటికీ పక్కన ఒంటరిగా ఉన్నది అమలాపురం కుర్రాడిదని చోట్లు నిర్ణయించుకుని నింపారు.

"ఇవేందమ్మా, అన్నీ అక్కచెల్లెళ్ళ తీరున్నయ్! ఏది ఎవలదో నాకెట్ల ఎరుక?" అన్నాడు ఆటో అన్న గుమ్మంలోనే.

చోట్లు చెప్పాం. ఆయన మూడుసార్లుగా మెట్లు దిగి తీసుకెళ్ళాడు. మెట్ల కింద దించినప్పుడు కుడి ఎడమ ఎక్కడుంటాయి? డాబా గదికి ఇవ్వాల్సింది కూడా ఆ గుంపులోంచే ఒకటి తీసి ఇచ్చి వెళ్ళాడు. ఆటో వెళ్ళిన కాసేపటికి డాబా మీది కుర్రాడు, తన వాటా క్యారియరు పట్టుకుని సంబరంగా దిగొచ్చాడు.

"మామ్మగారూ, ఇవాళ ఏంటి విశేషం? గుత్తొంకాయ! గుడ్డు మాత్రం మా వాడికిచ్చేశాను."

అత్తగారు చేతిలోని పళ్ళెం దించేశారు. ఆఫీసు క్యారియరు వీడికొచ్చిందంటే, మిగిలిన నాలుగూ ఎక్కడికి పోయినట్టు? వాటిలో ఒకటి యూసుఫ్‌గూడ వెళితే? నేను లెక్క వేసి చెప్పాను. పంజగుట్ట దగ్గర, ఆటో అన్న ముందు అటే వెళతాడు, మనమిప్పుడు బయల్దేరితే మూతలు తీయకముందే డబ్బాలు మార్చుకోవచ్చు, పని నిలబడుతుంది అన్నాను. అత్తగారు అప్పటికే ఒక గిన్నెలో అన్నం, మజ్జిగ కలుపుతున్నారు.

"ఆఫీసోళ్ళు చప్పగా ఉందని తిట్టుకుంటారు, అంతే కదా. వాడికి కడుపు మండుతుంది. ముందు యూసుఫ్‌గూడకే పద."

దారిలో వేరే ఆటో దొరికింది. మధురానగర్ మీదుగా పోతున్నంతసేపూ ఆవిడ గిన్నె మీది మూతను రెండు చేతులా నొక్కి పట్టుకునే కూర్చున్నారు. ఆ కుర్రాడికి ఆ వారంలోనే ఇంటర్వ్యూ ఉంది, మళ్ళీ ఆసుపత్రి పాలైతే ఏమిటన్నదే ఆవిడ దిగులని నాకు తెలుసు. ఇరుకు మెట్లెక్కి గది తలుపు తోస్తే వాడు చాప మీద పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. క్యారియరు పక్కనే ఉంది, మూత బిగించి.

"తిన్నావురా?"

"లేదు మామ్మగారూ. తీయగానే గుడ్డు కనబడింది. మీరు నాకు గుడ్డు పెట్టరు కదా, ఎవరిదో మారిందనుకుని మూత పెట్టేశాను. మీకు తెలియగానే వస్తారు కదా అని చూస్తున్నా."

అత్తగారు వెళ్ళి చాప పక్కన కూర్చున్నారు. ఆకలేస్తుంటే పక్కవాడి దగ్గర ఇంత పెరుగన్నమైనా అడగకూడదా అని వాణ్ణి కోప్పడుతూ మజ్జిగన్నం ముందు పెట్టారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

మేం ఇల్లు చేరేసరికి ఆపా మెట్ల దగ్గరే ఎదురుచూస్తోంది. మాకు ఫోను లేదు, ఆఫీసుకిచ్చిన నంబరు ఆపావాళ్ళదే. మేనేజరు గారు ఫోను చేశారట. అమ్మ లేరు సాబ్, డబ్బాలు మారినయ్, ఒక పిల్లగాడు కారం తింటడేమోనని ఉరుకుతూ పోయిన్రు అని ఆపా ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన తనకు పెసరపప్పు, మజ్జిగ వచ్చాయనీ, డబ్బాలు మాత్రం అద్దాల్లా ఉన్నాయనీ, రేపు మళ్ళీ సరైనవి పంపమనీ చెప్పి పెట్టేశారట. మంగళవారం సరైనవే వెళ్ళాయి. ఆ వారాంతానికి ఆఫీసు పని మాదయింది. అప్పటినుంచి బంధువులు అత్తగారికి తీరికెప్పుడో కనుక్కుని మరీ రావడం మొదలుపెట్టారు.

అదే వారంలో అత్తగారు క్యారియర్లన్నిటినీ దుకాణానికి మోయించారు. పేర్లు కాదు, బొమ్మలు చెక్కమన్నారు. చేప, ఆకు, చందమామ, జామపండు, దువ్వెన. చెక్కే ఆయన నవ్వి, పేర్లు రాస్తం గాని గీ బొమ్మలు నాకెట్లొస్తయమ్మా అంటే, వచ్చినట్టే వెయ్యి, నాకు గుర్తుంటే చాలన్నారు. చేప సరిగ్గా కుదరక వంకాయలా వచ్చింది, అయినా అది చేపే. అమలాపురం కుర్రాడికి చందమామ ఇచ్చారు. వాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక, ఆ చందమామ చాలాకాలం ఎవరికీ ఇవ్వకుండా అటక మీద ఉంచారు.

ఇప్పుడు అమీర్‌పేటలో ఆ ఇల్లు లేదు, అత్తగారూ లేరు. గదుల్లో ఉండే పిల్లలకు భోజనం మోటారు సైకిళ్ళ మీద వస్తోంది. డబ్బా మీద స్టిక్కరు కూడా ఉంటుంది, దాని మీద తినేవాడి పేరు, ఇంటి నంబరు, అందులో ఏముందో అన్నీ అచ్చవుతాయి. ఊడదీయాల్సిన పనే లేదు, తినగానే డబ్బాతో సహా చెత్తలో వేస్తారు. పొరపాటున వేరేది వస్తే ఫోనులోనే ఫిర్యాదు, అప్పటికప్పుడే డబ్బు వాపసు. ఏ లోటూ లేదు, నేనూ అప్పుడప్పుడు తెప్పించుకుంటాను. ఈమధ్యే ఒకసారి నాకు వేరే ఎవరిదో వచ్చింది. మూత పెట్టేసి కొంచెంసేపు కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలిశాక, ఫోను తీసి ఫిర్యాదు నొక్కాను. వాళ్ళు వెంటనే క్షమించమన్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు మాత్రం లేదు.